నాలుగు ఎత్తుల్లో పోయిన పరువు

నాలుగంటే నాలుగే ఎత్తుల్లో పరువంతా పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. అదీ చదరంగం మీదే ప్రాజెక్టు చేస్తూ, కాబోయే మామగారి ముందు! కాబోయే మామగారన్న సంగతి అప్పటికి ఆయనకు తెలియదు. నిజం చెప్పొద్దూ, వాళ్లమ్మాయి మెర్సీకి కూడా తెలియదు.

మెర్సీ, నేను యూనివర్సిటీలో ఎంసీఏ క్లాస్‌మేట్లం, ప్రాజెక్టులో జంట. మా చదరంగం ప్రోగ్రాం పని ఒకటే. ముందుకు ఎత్తులు లెక్కేసుకుంటూ పోకుండా, బోర్డును ఒక్క చూపు చూసి, రాజుకు చెక్‌మేట్ గండం ఉందో లేదో చెప్పెయ్యాలి. రాజు పారిపోవడానికి ఎన్ని గళ్లున్నాయి, శత్రువు ఏ గడిలోకొచ్చి చెక్ పెట్టగలడు, వచ్చినవాణ్ణి మనం చంపగలమా? ఇవి చూసి తేల్చాలి. డాక్టరు నాడి పట్టకుండా మొహం చూసి జ్వరం చెప్పినట్టన్నమాట.

వైవాకు వారం ముందు నాకు వేగం పిచ్చి పట్టింది. మెర్సీ రాసిన పన్నెండు లైన్లు ప్రోగ్రాంను నత్తలా నడిపిస్తున్నాయనిపించింది. రాజు పక్కకొచ్చిన శత్రువుకు దూరం నుంచి ఎవరైనా కాపలా కాస్తున్నారా అని వెతికే లైన్లవి. "మంత్రి అంత దగ్గరికొస్తే రాజే తినేస్తడు. దూరంగ ఎవడుంటే మనకేంది?" అనుకుని, విద్యానగర్ గదిలో కూర్చుని, ఆమెకు చెప్పకుండా తీసి పారేశాను. ప్రోగ్రాం పరుగందుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఆదివారం మెర్సీ నన్ను తార్నాకలో వాళ్లింటికి రమ్మంది. వాళ్ల నాన్న యోహాను మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. చదరంగమంటే ప్రాణం. నేను వెళ్లేసరికి, చర్చికి వేసుకెళ్లిన తెల్లచొక్కా కూడా మార్చకుండా, చెక్క బోర్డు పరుచుకుని కూర్చున్నారు.

"ఏం బాబూ, మీ కంప్యూటర్ గట్టిదేనా?"

"మస్తు గట్టిది సార్! గింత గండం కనపడినా అరుస్తది."

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. "మెర్సీ రాసిన ఫాల్తు లైన్లు కొన్ని తీసేసిన. ఇప్పుడు రాకెట్ లెక్క పోతది."

టీ ట్రేతో వస్తున్న మెర్సీ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏ లైన్లు?"

"తర్వాత చెప్తలే."

మాస్టారివి తెల్లపావులు; నల్లవి ప్రోగ్రాం మాట నమ్మి నేను జరుపుతున్నాను. బంటు జరిపారు, ఒంటెను తీశారు, మూడో ఎత్తులో మంత్రిని బోర్డు అంచుకు పంపారు. ల్యాప్‌టాప్ తెర మీద పచ్చటి అక్షరాలు: రాజు క్షేమం. ఆ ధీమాతో గుర్రాన్ని దూకించి ఆయన మంత్రినే బెదిరించాను.

"సార్, మీ మంత్రి పోతడు. కావాలంటే ఎన్కకు తీస్కోండి," అన్నాను జాలిగా.

"పర్లేదులే బాబూ," అంటూ ఆయన మంత్రితో మా రాజు పక్కనున్న బంటును కొట్టారు.

"అయితే మా రాజు తినేస్తడు సార్!" చెయ్యి చాపాను.

"ఎట్టా తింటాడు? ఒంటె కాపలా ఉందిగా."

చూశాను. దూరంగా, ఏటవాలుగా, ఒంటె. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"చెక్‌మేట్. మూడో తరగతి పిల్లలకు ముందు ఇదే నేర్పేవాణ్ణి," అన్నారాయన మెత్తగా.

తెర మీద ఇంకా 'రాజు క్షేమం' అనే ఉంది, శవం పక్కన కూర్చుని కులాసా ఉత్తరం రాస్తున్నట్టు.

మెర్సీ ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని, తలవంచుకుని, ఆ పన్నెండు లైన్లూ మళ్లీ రాసింది.

"సారీ మెర్సీ. నిన్ను అడగాల్సింది."

"అడిగితే చెప్పేదాన్ని కదా శ్రీశైలం. రెండు రోజులు కూర్చుని రాసినవి అవి."

తిట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

మాస్టారు మళ్లీ అదే ఆట ఆడారు. మంత్రి అంచుకు చేరగానే తెర ఎర్రబడింది: ప్రమాదం! ఆయన కూతురి తల నిమిరి, నా వైపు తిరిగారు. "ఓడిపోయినోళ్లు చాలామంది పారిపోతారు. నువ్వు కూర్చుని సారీ చెప్పావు. వచ్చే ఆదివారం భోజనానికి రా."

వెళ్లాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. మా పెళ్లికి రెండిళ్లవాళ్లూ ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

కాబట్టి అరవై నాలుగు గళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మెర్సీ రాసినదాంట్లో ఒక్క లైను కూడా ఆమెను అడక్కుండా తీసెయ్యను. అది కూరగాయల చీటీ అయినా, అందులో వరసగా మూడు వారాలు కాకరకాయే ఉన్నా సరే.