విప్పని కట్టు

ముత్తుకూరు దిగువన ఉన్న కొత్తతిప్పలో ఎస్తేరమ్మ కోపం అందరికీ తెలిసిందే. అది సముద్రం మీద కాదు. పంతొమ్మిది వందల అరవై రెండులో సముద్రం ఆమె మొగుడు చెంగయ్యను మింగింది, మర్నాడు ఒడ్డున పడేసింది. దానికి తెలిసిన పని అంతే. ఆమె కోపమంతా బావ మీద, అంటే చెంగయ్యకు అన్నయ్య అయిన సమాధానం అనే మనిషి మీద.

అన్నదమ్ములిద్దరూ ఒకేరోజు బాప్తిస్మం పుచ్చుకున్నారు. అన్న సమాధానమని పేరు మార్చుకున్నాడు, తమ్ముడు మార్చుకోలేదు. నెల్లూరు నుంచి సైకిలు మీద వచ్చే పాస్టరు అయ్యగారు లేనప్పుడు తాటాకుల ప్రార్థన గుడికి పెద్ద సమాధానమే. చెంగయ్య తెప్ప ముక్కుకు వేపరెమ్మ కట్టి ఉండడం అతను చూశాడు. సముద్రపు తల్లి గంగమ్మను కొలిచిన రోజుల్లో కట్టేవాళ్లు అలా. శవాన్ని గుడి వెనక పూడ్చనివ్వనన్నాడు.

"దేవుడు వాణ్ణి వొదిలేసినాడమ్మే. తాటితోపులో పూడ్చుకో. కొన్నాళ్లు ఉపాసముండి అందరి ముందర ఒప్పుకుంటే ఆయన కోపం చల్లారతాది."

"ఆ రెమ్మ కట్టింది నేను బావా. బిడ్డకి జొరమొచ్చి మూలగతా ఉంటే నా చెయ్యి ఊరుకోలా. నీ తమ్ముడు చూడను గూడా లేదు."

"అయితే నిన్నుగూడా వొదిలేసినట్టే!"

ఏ దేశపు చరిత్ర తిరగేసినా ఇదే. కొత్త దేవుణ్ణి తెచ్చుకున్న జనం ముందుగా చేసేది, పాత దేవత అలకను ఆయనకు తొడగడం. రోమనులూ అంతే, కొత్తతిప్పా అంతే.

వేట కాగానే తెప్ప తాళ్లు విప్పి, దుంగలు విడివిడిగా ఆరబెట్టడం అక్కడి పద్ధతి. కొట్టుకొచ్చిన చెంగయ్య తెప్పను కూడా ఎవరో అలవాటుకొద్దీ విప్పేశారు. ఎస్తేరమ్మ ఆ తాడు చేతికి తీసుకుని బావ వైపు తిరిగింది.

"పొద్దున కట్టేది, సాయంత్రం విప్పేది మనం. దేవుణ్ణిగూడా మనంత చేసినావా? కోడిస్తే నవ్వి, ఇయ్యకుంటే మింగే దేవుడే కావాలంటే గంగమ్మ చాలదా? బాప్తిస్మానికి నీళ్లలో ముంచినప్పుడు నీ తమ్ముణ్ణి నా వాడివన్నాడే, నేను కట్టిన రెమ్మకి జడిసి మాట మారస్తాడా? మారేది మీరు! ఎందుకు తీసకపోయినావని నేను ఆయన్నే అడగతా. ఆ తగువు నాకూ ఆయనకీ. మధ్యలో నువ్వెవురు?"

గుడి వెనక తనే తవ్వింది. ఇప్పటికీ గంగమ్మనే కొలిచే పక్కింటి పిచ్చమ్మ పార పట్టుకొచ్చి సాయం చేసింది. శవాన్ని దించబోతే గుంట అంచు జారుతోంది.

"చూస్తా నిలబడినావేంది బావా? ఆ కొస పట్టుకో. నీ తమ్ముడు బరువు."

పట్టుకున్నాడు. పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడవబాక. నీ మీద కోపం పోలా."

ఆదివారం బిడ్డనెత్తుకొచ్చి గుడిలో ముందు చాప మీదే కూర్చుంది. ప్రార్థనలో సమాధానం, "తండ్రీ, నీ కోపం మళ్లించుకో" అనగానే గట్టిగా దగ్గింది. అతను ఆ మాట మింగేసి, ప్రార్థన మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.