యార్డు రోడ్డు గోడ మీద ఎర్ర బాణం

2018 నవంబరు 19, సోమవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు కమిషనర్ గారి గది నుంచి నా బల్ల మీదికి రెండు మెమోలు వచ్చాయి. అప్పుడు నేను గుంటూరు జిల్లా పడమటి వైపు ఒక పురపాలక సంఘంలో టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌ని. నా పైన ప్లానింగ్ ఆఫీసరు, ఆయన పైన కమిషనరు. నా కింద కోటయ్య అనే ఓవర్సీరు, కొలత గొలుసు పట్టే ఇద్దరు చైన్‌మెన్. పదవీ విరమణకు ఆరు నెలల పన్నెండు రోజులు ఉంది.

మొదటి మెమో: మిర్చి యార్డుకు వెళ్ళే రోడ్డును అరవై అడుగులకు వెడల్పు చేయాలి, అడ్డం వచ్చే గోడలకు మార్కింగ్ ఇవ్వండి. రెండో మెమో: పరిశుభ్రత ర్యాంకుల తనిఖీ బృందం జనవరిలో వస్తున్నది, అదే రోడ్డు గోడల మీద బొమ్మలు వేయించాలి, గోడల జాబితా వైశాల్యంతో సహా ఇవ్వండి. రెండు మెమోలూ చదివి లోపలికి వెళ్ళాను. కూల్చబోయే గోడలూ అలంకరించబోయే గోడలూ ఒకటే అని చెప్పాను. కమిషనర్ గారు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"మేడమ్, అది ఇంజనీరింగ్ ఫైలు, ఇది శానిటేషన్ ఫైలు. రెండూ కలిపామంటే రెండూ ఆగుతాయి" అన్నారు.

ఆ మాటలో తప్పు లేదు. నేను రెండు రిజిస్టర్లు తెరిచాను.

మార్కింగ్ అంటే తెలియనివారికి చెబుతాను. రోడ్డు నడిమి గీత నుంచి రెండు వైపులా చెరి ముప్పై అడుగులు కొలుస్తాం. ఆ కొలత ఎవరి ఇంట్లోకి ఎంత వెళ్తే అంత, ఆ ఇంటి ముందు గోడ మీద ఎర్ర ఎనామిల్ రంగుతో బాణం గీసి, దాని కింద అడుగులు, అంగుళాలు వేస్తాం. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను 2,316 గోడల మీద అలా రాశాను. మా ఊళ్ళో నా అంత విరివిగా గోడల మీద రాసినవారు ఇంకొకరు లేరు. ఒక్కరూ ఆగి చూసి బాగుందనలేదు.

జాబితా కోసం నాలుగు రోజులు ఆ రోడ్డంతా నడిచాను. మొత్తం 61 గోడలు. అంతకు ముందు వాటిని గజాల లెక్కన చూశానే తప్ప వాటి మీద ఏముందో చూడలేదు. పత్తి విత్తనాల ప్రకటనలు, బోరు బండ్ల ఫోను నంబర్లు, ఓడిపోయిన అభ్యర్థుల గుర్తులు, ఇక్కడ మూత్రం పోయరాదనే హెచ్చరికలు తొమ్మిది. ఆ తొమ్మిదింటి కిందా గోడ తడిగానే ఉంది. పాత ప్రకటనల్లో కొన్నింటి అక్షరాలు మాత్రం నన్ను ఆపాయి. పదేళ్ళ ఎండకు వెలిసిపోయినా వరస వంకరపోలేదు. టేపు తీసి కొలిచాను. ప్రతి అక్షరం తొమ్మిది అంగుళాలు, ఎక్కడా పావు అంగుళం తేడా లేదు. ఎవరు రాశారని అడిగితే మస్తాన్ అన్నారు.

మస్తాన్ మా ఊరి పాత బోర్డు పెయింటరు, యాభై అయిదేళ్ళ మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక పని లేక, యార్డులో బస్తాల మీద వ్యాపారుల గుర్తులు వేస్తున్నాడు. నాలాగే సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత కొట్టుకుంటాడు. బొమ్మల పని అతనికే ఇవ్వాలని నోట్ పెట్టాను. ఒక కళాకారుణ్ణి అతని కొలతలు చూసి ఎంపిక చేసిన కమిటీ బహుశా నాదొక్కటే.

నవంబరు 22, గురువారం మధ్యాహ్నం మరియమ్మ ఇంటికి మార్కింగ్ ఇచ్చాను. మరియమ్మకు అరవై ఒక్కటి. కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. భర్త పోయాక ఒక్కతే ఉంటున్నది. రెండు గదుల పెంకుటిల్లు. రోడ్డు వైపు ఇరవై రెండు అడుగుల గోడ, లోపలికి పదిహేడు అడుగుల లోతు. రెండు గదులకూ నడుమ ఒక గోడ, ఇంటి దూలం ఆ గోడ మీదే ఆని ఉంది. నేను రంగు డబ్బా మూత తీస్తుంటే బయటికి వచ్చింది.

"ఏందమ్మగారా, బొట్టు పెడతన్నారు? నేనే పెట్టుకోను, నా గోడకి దేనికి?"

విషయం చెప్పాను. ఆరడుగులు పోతుందన్నాను.

"ఆరడుగులంటే నా మంచం, నా పెట్టె, నేను" అని లోపలికి తిరిగి చూసింది. తర్వాత అడిగింది: "సరే, మధ్యగోడ నిలబడుద్దా? అది నిలబడితే ఎనక గదిలో బతుకుతా. అది పడిందంటే దూలం పడుద్ది, ఇంక ఇల్లేముంది?"

లోపలికి వెళ్ళి టేపు పట్టాను. ముందు గోడ బయటి అంచు నుంచి మధ్యగోడకు సరిగ్గా ఎనిమిది అడుగులు. ఆరు పోతే రెండు మిగులుతాయి. నిలబడుతుందని చెప్పి, బయటికి వచ్చి గోడ మీద బాణం, ఆరడుగుల అంకె వేశాను.

"రాసిస్తారా?"

"గోడ మీద రాశాను కదా" అన్నాను.

డిసెంబరులో మస్తాన్ పని మొదలుపెట్టాడు. శానిటేషన్ విభాగం ప్రతి గోడకూ ఒక అంశం కేటాయించింది. మరియమ్మ గోడకు వచ్చింది తడి చెత్త, పొడి చెత్త. మస్తాన్ ఒక మూల ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట జానెడు చొప్పున వేసి ఆదేశం పాటించాడు. మిగతా గోడంతా ఆ గోడే లేనట్టు వేశాడు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఇంటి లోపల కనిపించేది: మధ్యగోడ, దాని మీద అలమర, అలమరలో నాలుగు బిందెలు, మేకుకు వేలాడే శిలువ, దాని కింద చేట ముందు పెట్టుకుని తొడిమలు తీస్తున్న మరియమ్మ. ఎలాగూ ఈ గోడ తీసేస్తారు కదండీ, తీశాక ఏం కనపడుద్దో అది వేశాను అని నాకు వివరణ ఇచ్చాడు. తనిఖీకి వెళ్ళినప్పుడు నేను లోపలి అలమరను కొలిచి, బయటికి వచ్చి బొమ్మలోని అలమరను కొలిచాను. రెండూ మూడడుగుల రెండంగుళాలు. ఆ రోజు నేను అక్కడ అవసరానికి మించి ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

డిసెంబరు 18న మస్తాన్ కబురు చేశాడు. ముఖం ఒక్కటే మిగిలింది.

"మేడమ్ గారూ, మీ బాణం సరీగ్గా అక్క మొహం మీదికొచ్చింది."

"ముఖం జరపండి" అన్నాను.

"మొహం జరిపితే మనిషి జరగాల. మనిషి జరిగితే చేట జరగాల, ఎలుతురు మారాల. బాణం జరపటం తేలిక గదండీ?"

మరియమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏరా మస్తానూ, మొహం లేకపోతే పోయె. నా ముక్కు అందరికీ తెలిసిందేగా. ఆ ఎరుపు మాత్రం ఉంచరా, ఆరడుగులని నలుగురికీ తెలవాల."

"అక్కా, బాణం మొహంతో నిన్ను చూస్తే పిల్లకాయలు జడుసుకుంటారే."

"ఇప్పుడు మాత్రం జడుసుకోవట్లేదా?"

మార్కింగ్ గుర్తును చెరపకూడదు. చెరపక తప్పకపోతే, దగ్గరలో ఉన్న ఒక స్థిరమైన వస్తువు నుంచి దూరం కొలిచి ఫీల్డ్ బుక్కులో రాసుకోవాలి. ఆ దూరాన్ని బట్టి గీతను ఎప్పుడైనా మళ్ళీ పట్టుకోవచ్చు. సర్వీసులో మొదటిసారి ఆ వెసులుబాటు వాడుకున్నాను. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం నుంచి కూల్చే గీతకు పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు. రాసి సంతకం చేశాను. ఆరడుగులు అనే అంకెను అక్కడ మళ్ళీ రాయలేదు. అది ఆఫీసులో ఉండే పెద్ద మార్కింగ్ రిజిస్టరులో ఉంది, ఒకే అంకె రెండు చోట్ల ఉంటే ఏదో ఒక రోజు రెండు అంకెలవుతుందని నా నియమం. పాత రంగు మీద కొత్త రంగు నిలవదు గనుక బాణాన్ని ఉప్పుకాగితంతో రుద్ది ప్రైమర్ కొట్టమని మస్తాన్‌కు నేనే చెప్పాను.

"నా పుస్తకంలో ఉంటుంది" అని మరియమ్మకు చెప్పాను.

"మీ పుస్తకం నా ఇంటిముందు ఉండదుగా అమ్మగారా" అన్నది.

2019 జనవరి 23న తనిఖీ బృందం వచ్చింది. ఆ గోడ ముందు నాలుగు నిమిషాలు ఆగారు. బృందం పెద్ద, బుట్టలు ఇంకా పెద్దవిగా ఉంటే బాగుండేదన్నారు. అయినా గోడల సుందరీకరణలో మా పట్టణానికి జిల్లా రెండో బహుమతి ఇచ్చారు. గుంటూరు నుంచి కొందరు కెమెరాలతో వచ్చి యార్డు రోడ్డు మీద ఆదివారం నడక పెట్టుకున్నారు. మరియమ్మ ఇంటి ముందు ఒక్కొక్కరే నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. అంత చక్కగా వేసిన ఇంట్లో నిజంగా ఎవరైనా ఉంటారా అని ఒకావిడ నన్ను అడిగింది. తలుపు సందులోంచి మరియమ్మ చూస్తూనే ఉంది.

ఫిబ్రవరి 20, బుధవారం నన్ను మంగళగిరి పంపారు. సుందరీకరణలో మా అనుభవాలను ఇతర పట్టణాల వారికి వివరించాలి. అదే రోజు యార్డు రోడ్డు కూల్చివేత. ఇంజనీరింగ్ ఫైలు శానిటేషన్ ఫైలుకు చెప్పలేదు. ప్లానింగ్ ఆఫీసరు పెద్ద రిజిస్టరు పట్టుకుని సంతకాలకు గుంటూరు వెళ్ళారు. కోటయ్య నా ఫీల్డ్ బుక్కుతో, జేసీబీతో రోడ్డు మీదికి వెళ్ళాడు.

తర్వాత జరిగింది అతని నివేదికను బట్టి, చూసినవాళ్ళ మాటలను బట్టి రాస్తున్నాను. మరియమ్మ ఇంటి దగ్గర కోటయ్య బుక్కు తెరిచాడు. స్తంభం కోసం చూశాడు. స్తంభం లేదు. నడిమి గీత నుంచి మళ్ళీ కొలుద్దామంటే రోడ్డు అప్పటికే తవ్వేసి ఉంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అన్నిటికంటే ముందు జరిపేది స్తంభాలనే, పది రోజుల కిందటే దాన్ని పీకి వెనక పాతారు. నాకు 11:22కు, 11:25కు, 11:31కి ఫోన్ చేశాడు. నేను వేదిక మీద ఉన్నాను, ఫోను మోగకుండా పెట్టాను. ఆఫీసరు గారి ఫోను స్విచాఫ్. మధ్యాహ్నానికి జేసీబీ ఇంకో పనికి వెళ్ళాలి.

ఆరడుగులే, ఆరడుగులే అని మరియమ్మ అరుస్తూనే ఉందట. కూల్చే రోజు ప్రతి యజమానీ గుర్తు మీద ఉన్న దాని కంటే తక్కువే చెబుతాడు. అందుకని ఆ మాట వినిపించుకోవద్దని ఓవర్సీర్లకు నేర్పేది మేమే. కోటయ్యకు నేర్పింది నేను.

మస్తాన్ పరుగెత్తుకుంటూ వచ్చాడట. "ఆగండయ్యా, అంకె మొహం కింద ఉంది, గీకితే కనపడుద్ది" అని లప్పం కత్తితో మరియమ్మ ముఖాన్ని గీకాడు. ముఖం కింద ప్రైమర్ వచ్చింది. ప్రైమర్ కింద సున్నం వచ్చింది. ఎరుపు రాలేదు. డిసెంబరులో నేను చెప్పినట్టే బాగా రుద్దాడు.

అప్పుడు కోటయ్య ఎడమ పక్క కొట్టు మీది గుర్తు నుంచి కుడి పక్క ప్రహరీ మీది గుర్తుకు దారం కట్టాడు. రెండింటికీ నడుమ అరవై అడుగులు. రోడ్డు అక్కడ వంపు తిరుగుతుంది, మరియమ్మ ఇల్లు ఆ వంపు లోపలి వైపున ఉంది. దారం వంపు తిరగదు. మరియమ్మ ఇంటి నడుమ ఆ దారం ఆరడుగుల మీద రెండడుగుల మూడు అంగుళాలు ఎక్కువ తీసుకున్నది, చివరల్లో అడుగు పదకొండు అంగుళాలు. అంటే మధ్యగోడను రెండు చివరల్లోనూ ఒక్కో అంగుళం వదిలి, నడుమ మూడంగుళాలు తిన్నది. జేసీబీ పంటికి అంగుళాలు తెలియవు. దూలం పడింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు.

11:40కి నేను మంగళగిరిలో తెర మీద ఆ గోడ ఫొటో చూపిస్తున్నాను. బొమ్మలోని అలమర కొలతా లోపలి అలమర కొలతా ఒకటేనని చెబితే చప్పట్లు కొట్టారు.

సాయంత్రం నేరుగా అక్కడికే వెళ్ళాను. మరియమ్మ పెంకుల్లో పగలనివి ఏరి పక్కన పేరుస్తున్నది. నా వైపు చూడలేదు.

"నిలబడుద్దన్నారుగా" అన్నది. పని ఆపలేదు.

మర్నాడు ఉదయం రెండు పేజీల వాంగ్మూలం రాసి కమిషనర్ గారికి ఇచ్చాను. గుర్తు చెరపనిచ్చింది నేను, కదిలిపోయే స్తంభం నుంచి కొలిచింది నేను, అంకె రాయనిది నేను, ఓవర్సీరు బాధ్యత లేదు, ఆమెకు వేరే స్థలం ఇప్పించాలి అని. ఆయన చదివి తిరిగి ఇచ్చారు. బహుమతి వచ్చిన గోడ మీద విచారణ పెడితే బహుమతి మీద విచారణ పెట్టినట్టవుతుంది మేడమ్ అన్నారు. మళ్ళీ ఇచ్చాను, ఈసారి ఆఫీసుకు అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించి. దాని మీద నేను దిగిపోయేదాకా ఏ ఉత్తర్వూ రాలేదు. మరియమ్మకు నియమం ప్రకారం ఒక బాండు ఇచ్చారు. పోయిన స్థలానికి బదులుగా ఇంకోచోట అనుమతికి మించి అంతస్తు కట్టుకునే హక్కు అది. ఇల్లు లేని మనిషికి పై అంతస్తు హక్కు.

2020 జనవరిలో, రిటైరయ్యాక, ఆమె అద్దెకుంటున్న గదికి వెళ్ళాను. యార్డు వెనక, ఒకటే గది. పురపాలక సంఘం కొత్త కేలెండరు గోడకు ఉంది, దాని మీద మస్తాన్ బొమ్మ. మస్తానే తెచ్చి ఇచ్చాడట. నాకు కుర్చీ వేసి, కేలెండరు చూపించింది.

"చూడండమ్మగారా. నాలుగో బిందెని సగానికి కోశారు. మీ ఆఫీసోళ్ళకి ఇందులో గూడా కొలత కుదరలా."

టేపు లేకుండానే చూశాను. నిజమే, అంచు కత్తిరింపులో సగం బిందె పోయింది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇది. ఒక గుర్తును చెరపవలసి వస్తే, ఆ పనిలో కదలని వస్తువు నుంచి కొలవండి. అంకెను రెండు చోట్ల రాయండి. ఇంటివాళ్ళు చెప్పే అంకెను వినండి, కనీసం కొలిచి కాదనడానికైనా. మంచి బొమ్మ ఎదురైతే మెచ్చుకోండి, దానికి గుర్తును బహుమతిగా ఇవ్వకండి.

పోయినవి: ముందు గోడ మీది బొమ్మ, తలుపు పోను 158 చదరపు అడుగులు. నియమం ప్రకారం పోవలసిన స్థలం, 132 చదరపు అడుగులు. నా వల్ల అదనంగా పోయినది, 47 చదరపు అడుగులు. మధ్యగోడ ఒకటి. దూలం ఒకటి. గదులు రెండు.