పన్నెండో గిన్నె

మా మామయ్య పోయారన్న కబురు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. ఫోన్ చేసింది అత్తయ్య. ఏడవలేదు. "పాపా, మీ మామ కొట్లో కుర్చీలోనే కూచోనుండారు. పిలిస్తే పలకలేదు. నువ్వొకతూరి వస్తావా?" అంది. ఆడిటర్ ఆఫీసులో అన్నం డబ్బా అలాగే వదిలేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి షట్టర్ సగానికి దించి ఉంది. ఆయన ఒళ్ళో ఒక కొత్త చెంబు, దాని మీద సగం కొట్టిన పేరు. ఎవరో పెళ్ళికూతురిది. సుత్తి కాళ్ళ దగ్గర పడి ఉంది.

ఉత్తర చెన్నైలోని పాత తెలుగు వ్యాపారస్తుల వీధుల్లో పాత్రలు కొన్నవాళ్ళకు ఆ కొట్టు గుర్తుండే ఉంటుంది. కింద కొట్టు, పైన రెండు గదుల కాపురం, ఆ పైన మిద్దె, అన్నీ బాడుగవే. మా ఊళ్ళో స్టీలును ఎవర్‌సిల్వర్ అంటారు. కొన్న గిన్నె మీద పేరు కొట్టించుకోకుండా ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. కొట్లన్నీ కరెంటు పెన్నులకు మారినా మామయ్య మాత్రం ఉలీ సుత్తీ వదల్లేదు. "పెన్ను గీకుతాది పాపా, ఉలి దిగతాది. గీకింది నాలుగు తూర్లు తోమితే పోతాది" అనేవారు. బేరాలు ఉండని మధ్యాహ్నం పూట ఆ పని పెట్టుకునేవారు. టక్ టక్ టక్ అని మూడు దెబ్బలు, ఆగి అక్షరాన్ని చూసుకోవడం, మళ్ళీ మూడు. చిన్నప్పుడు సెలవులకు ఆ ఇంట్లో ఉంటే ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేదాన్ని.

పాత పాత్రలు మార్పిడికి వస్తే, తుక్కులో వేసేముందు ఒక్కొక్కదాని మీది పేరు పైకి చదివేవారు. ఎందుకు మామా అంటే, "ఒకతూరి పిల్చి పంపిస్తే మర్యాద, అంతే దా" అనేవారు. ఆ మాట అప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఇలాంటి మనిషి దగ్గర క్రిప్టో నాణేలు ఉన్నాయంటే మీరూ నవ్వుతారు. సరుకు వేసే వ్యాపారి ఒకాయన మాట మీద, గిట్టినప్పుడల్లా కొంచెం కొంచెం కొని, మళ్ళీ ముట్టుకోకుండా ఉంచారు. ఆయన భయం ఒకటే. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన తర్వాత కొట్టు నడిపేవాళ్ళు లేరు. అత్తయ్య ఎవరింట్లోనో మూల గదిలో పడి ఉండాలి. "మీ అత్త ఒకరింట్లో అడిగి కాఫీ తాగే మనిషి కాదు. తన మిద్దె మీద తను వడియాలు పెట్టుకోవాల" అనేవారు. మేం ఎవరమైనా పెట్టుకుంటాం మామా అంటే వినేవారు కారు. పైగా, "మీరు పెట్టుకుంటారు, ఆమె ఉండదు" అని కొట్టిపారేసేవారు.

ఆ నాణేలకు తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఒక పెద్ద జాబితాలోంచి ఆ నాణేలు దాచే చిన్న యంత్రమే ఏరి ఇచ్చినవి. వాటిని అదే వరసలో చెప్పగలిగితే తలుపు తెరుచుకుంటుంది. ఎవరి కంట పడినా సొత్తు వాళ్ళదైపోతుంది, పోగొట్టుకుంటే అర్జీ పెట్టుకోవడానికి ఆఫీసంటూ లేదు. ఇదంతా ఆయనకు వివరించింది నేనే. వివరించి తప్పు చేశానేమో అనిపించేంతగా ఆయన దాన్ని పట్టుకున్నారు.

మొదట కాగితం మీద రాసి దేవుడి పటం వెనక పెట్టారు. ఒక వాన కాలంలో నీళ్ళు కొట్టులోంచి మెట్లెక్కితే పటమూ కాగితమూ కలిసి ముద్దయ్యాయి. ఆయనకొక్కరికే తెలిసిన నంబరుతో యంత్రం తెరిచి మాటలు మళ్ళీ రాసుకున్నారు కాబట్టి సరిపోయింది. ప్లాస్టిక్ అతికించిన కాగితం పెడదామంటే ఎలుకలని వద్దన్నారు. బ్యాంకు లాకరంటే, "నేను పోతే మీ అత్త ఎన్ని సంతకాలు పెట్టాల?" అన్నారు. ఫోన్లో దాచడం మాటెత్తితే మండిపడ్డారు. ఆరు మాటలు ఒకరికి, ఆరు ఇంకొకరికి ఇద్దామని నేనంటే, "ఆ ఇద్దరూ మాట్లాడుకోకుంటే?" అన్నారు. కొన్నాళ్ళు బట్టీపట్టి, గడ్డం గీసుకుంటూ అద్దం ముందు జపంలాగా పెదాలు కదిపేవారు. చివరి రోజుల్లో ఆయన తల్లి కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. అది తలుచుకుని ఆ పనీ మానేశారు.

ఒకరోజు నేను వెళితే మనిషి తేలిగ్గా ఉన్నారు. "దొరికింది పాపా. నానదు, కాలదు, ఎలక కొరకదు" అన్నారు. ఏమిటని అడిగితే చెప్పలేదు. "నా తర్వాత మీ అత్తనడుగు. పన్నెండూ తీసిస్తాది. చదివేది నువ్వు, దాచేది ఆమె" అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. అలాంటివి గుచ్చి అడిగితే ఆయన పోవాలని చూస్తున్నట్టు ఉంటుంది కదా.

ఆయన పోయిన పన్నెండో రోజున, మా ఇళ్ళ పద్ధతి ప్రకారం, భోజనానికి వచ్చినవాళ్ళకు తలా ఒక గిన్నె ఇచ్చారు. పోయినవాళ్ళ పేరు కొట్టించి ఇస్తారు. ఇలాంటివి మామయ్య ఎంతమందికి కొట్టి ఇచ్చారో. నాకూ ఒకటి వచ్చింది. ఇంటికి తెచ్చి కడుగుతుంటే అంచు మీద లావుపాటి తెలుగు అక్షరాలు, ఆయన చేతివే. 'పేర్' అని ఉంది. పేరు కొట్టమంటే పేర్ అనే కొట్టేశారేమిటి మామా అనుకుని, నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొట్లో మిగిలిన సరుకే పంచి ఉంటారనుకుని ఆ గిన్నెను ఉప్పుకు పెట్టుకున్నాను.

మైల రోజుల్లో సొత్తు మాటెత్తడం సబబు కాదని ఊరుకున్నాను. ఇంటి యజమాని బాడుగ సంగతి తేల్చమన్నాడని తెలిశాక ఇక తప్పలేదు. "అత్తా, మామ నీ దగ్గర పన్నెండేవో పెట్టినారంట. ఇస్తావా?" అన్నాను.

అత్తయ్య నావంక వింతగా చూసింది. "పన్నెండు గిన్నెలా? అవి పంచేస్తిని గదా పాపా. నీకూ ఒకటి ఇస్తినే."

ఆవిడ చెబుతూనే ఉంది. "పెద్దది మొదులుకొని చిన్నది దాకా ఒకదాంట్లో ఒకటి పెట్టి, ఇవి నా తర్వాతికి, అంతవరకూ ముట్టుకోవద్దు అన్నారు. పన్నెండోనాటికని నేను అనుకుంటి. పాత్రాలకొట్టు మనిషి, తన పన్నెండోనాటికి తనే తీసిపెట్టుకున్నారే అని ఎంత ఏడిస్తినో."

"వాటిమీద రాసిండేది చూడలేదా అత్తా?"

"నాకు తెలుగు చదవను యాడొస్తాది? తమిళమైతే చదువుతా. ఆయన పేరే కొట్టుకున్నారనుకుంటి."

అదే ఆయన ఎత్తు. ఈ వీధిలో దొంగకు తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. తెలుగు వచ్చినవాళ్ళ పిల్లలకూ చదవడం రాదు. ఆ ఎత్తు ఆయన ఇంటిమీదికే వచ్చింది. నా ఉప్పు గిన్నె మీద ఉన్నది పేరు కాదు, ఆ పన్నెండింటిలో ఒకటి, తెలుగు అక్షరాల్లో కొట్టిన ఇంగ్లీషు మాట అని అప్పుడు వెలిగింది.

సంగతి అర్థమయ్యాక అత్తయ్య కిందికి దిగే మెట్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా, "అందుకే కొడతా ఉండారు" అంది.

"ఎవరు?"

"ఆయనే. దినామూ నేను అన్నం ముందర కూచుంటే కింద కొట్లోంచి వినిపిస్తాది. పోయి షట్టర్ ఎత్తితే నిలిచిపోతాది. నన్ను అడగతా ఉండారు పాపా, యాడ పెట్టినావే అని."

మనసు బాగాలేక అలా అనిపిస్తోందిలే అని సర్దిచెప్పాను. మర్నాడు మధ్యాహ్నం నేనూ విన్నాను. టక్ టక్ టక్. ఆగింది. మళ్ళీ మూడు. మెట్లు దిగి తాళం తీసి, షట్టర్ గడగడమని ఎత్తాను. చప్పుడు ఆగిపోయింది. లోపల దుమ్ము పట్టిన చెంబులు, ఖాళీ కుర్చీ. పైకి వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుంటే ఆవిడ తన కంచం నా వైపు జరిపింది. ఇద్దరం తినలేదు.

ఆ రోజు నుంచే గిన్నెల కోసం తిరగడం మొదలుపెట్టాను. వ్యాసర్పాడిలో మామయ్యకు చెల్లెలి వరస ఆవిడ గిన్నెను బల్ల కింద బోర్లించి ఉంచింది. "అన్న పేరుండాది గదా, అందులో తినబుద్ధి కాలేదు. దినామూ దండం పెట్టుకుంటా" అంది. తిప్పి చూస్తే 'మేంగో' అని ఉంది. ఆవిడకు చెప్పడానికి మనసొప్పలేదు. కోడంబాక్కంలో సినిమావాళ్ళకు బట్టలు కుట్టే బంధువు అందులో గుండీలు వేసుకున్నాడు. "సుమ్మా, ఊరికే ఒక గుండీ ఏసినా మోగతాది అక్కా. మామ పిలిచినట్టే ఉంటాది. తీసుకోనిపో" అని తనే చేతిలో పెట్టాడు. మనలి పేటలో మామయ్యకు కోడలి వరస అమ్మాయి దాన్ని పొయ్యి మీద వాడి మాడ్చింది. మసి పట్టి అక్షరాలు నల్లగా, ఎంత స్పష్టంగా కనిపించాయో. ఏ ఇంట్లోనూ ఆ గిన్నెతో మామూలుగా లేరు. ఎందుకు కావాలని ఎవరూ గట్టిగా అడగలేదు. ఒక బరువు దించుకున్నట్టు ఇచ్చేశారు.

పదకొండు చేరాయి. పన్నెండోది ఎవరికి ఇచ్చిందో అత్తయ్యకు ఎంతకీ గుర్తు రాలేదు. వచ్చినవాళ్ళందరి పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టేది, పదకొండు దగ్గర ఆగిపోయేది. "నా చేత్తో నేనే ఆయన మాట పారేస్తిని. ఈ ఇల్లూ పాయ, ఆయన నమ్మకమూ పాయ" అని గోడకు తల ఆనించుకునేది. ఇల్లు పోతుందన్న బెంగ కన్నా ఆ రెండోదే ఆవిడను తినేస్తోంది.

ఒక మధ్యాహ్నం నడవాలో గిన్నెలను పెద్దది మొదలుకొని వరసగా పేర్చాను. మాటల వరస గిన్నెల సైజే. అన్నీ సరిపోయాయి, చివర జానెడు చోటు ఖాళీ.

"చిన్నది లేదత్తా. అన్నిటికంటే చిన్నది" అన్నాను.

కంచం ముందు కూర్చున్న అత్తయ్య ఆ ఖాళీ వంక చూసింది. "చిన్నదా? అది ఎవరికీ ఇయ్యలేదే. అది ఆయనకే పెడితిని."

"ఆయనకంటే?"

అప్పుడే మొదలైంది. టక్ టక్ టక్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈసారి నేను కిందికి పోలేదు. మెట్ల దగ్గర నిలబడి విన్నాను. చప్పుడు పైనుంచి మెట్ల సందులోకి దిగి, మూసిన కొట్లో మోగి, మళ్ళీ మాకు వినిపిస్తోంది. చెప్పులు విడిచి పైకెక్కాం.

మిద్దె మీద పిట్టగోడ పైన చిన్న ఎవర్‌సిల్వర్ గిన్నె. పన్నెండోనాడు పిండం తర్వాత కాకికి పెట్టిన గిన్నె అది. అప్పటినుంచీ అత్తయ్య తను తినేముందు రోజూ అందులో పిడికెడు అన్నం వేసి వస్తోంది. ఆవిడ లెక్కలో అది పంచినది కాదు, ఆయన కంచం. అడుగున ఎండి అతుక్కున్న మెతుకులను ఒక కాకి పొడుస్తోంది. మూడు పోట్లు పొడిచి, తల పక్కకు వాల్చి చూసుకుని, మళ్ళీ మూడు. షట్టర్ గడగడకు బెదిరి ఎగిరిపోతున్నది ఇదే.

నేను అడుగు ముందుకు వేయబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఉండు. తిననీ."

ఎండలో నిలబడ్డాం. కాకి తిన్నంతసేపు తిని, ముక్కు అంచుకు రుద్దుకుని ఎగిరిపోయింది. గిన్నె తీసి కొంగుతో తుడిచాను. 'వెయిట్' అని ఉంది.

"ఏమని ఉండాది పాపా?"

"వెయిట్ అని."

"తూకమా? తూకమైతే పక్కన ఎంతో కొట్టుండాల గదా."

నాకూ మొదట తూకమే అనిపించింది. పాత్రల కొట్టు మనుషులం. మేం గిన్నెల మీద చూసేవి రెండే, పేరూ తూకమూ. ఫోన్లో ఆ జాబితా తెరిచి వెతికాను. తూకం అని అర్థమొచ్చే వెయిట్ అందులో లేదు, ఇంకో వెయిట్ ఉంది.

"తూకం కాదత్తా. ఆగమని. కాసేపు ఆగు అని" అన్నాను.

అత్తయ్య పిట్టగోడకు ఆనుకుని అలాగే కూలబడింది. మామయ్య పోయాక ఆవిడ నోరు తెరిచి ఏడవడం అప్పుడే చూశాను. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం పన్నెండు మాటలూ వరసగా టైపు చేశాను. నా ఉప్పు గిన్నె మీది 'పేర్' దగ్గర ఒకసారి తప్పు పోయింది. పేర్ అంటే పండూ ఉంది, జతా ఉంది. మామయ్య చెవికి రెండూ ఒకటే. పండు కాదంది, జత అంటే తలుపు తెరుచుకుంది. అత్తయ్య తెర వంక చూడలేదు. "ఈడనే ఉండొచ్చునా?" అని అడిగింది. ఉండొచ్చు అన్నాను. "సరి" అని లేచి కాఫీ పెట్టింది, ఎవరినీ అడగకుండా.

ఆ సొత్తుకు ఇప్పుడు వేరే మాటలు, వేరే చోటు. ఎక్కడో మీకు చెప్పను. పదకొండు గిన్నెలూ కడిగి ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేశాను. పన్నెండోది పిట్టగోడ మీదే ఉంది. చప్పుడు కాకిదని మా ఇద్దరికీ తెలుసు. అయినా నేను వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మాటల మధ్యలో అది మొదలైతే, అత్తయ్య చెబుతున్నది అక్కడికక్కడే ఆపేస్తుంది. అన్నంలో చెయ్యి అలాగే ఉంచి, కింద కొట్టు వైపు తల వంచి వింటుంది. మూడు దెబ్బలు, ఒక నిశ్శబ్దం, మళ్ళీ మూడు. అది పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరం మాట్లాడం.