మా గంగ గురించి డాక్టరమ్మ చెప్పిన మాట

ఈ మధ్యాహ్నం బాల్కనీలో మరిచిపోయిన ఖర్జూరాల డబ్బా మూత తీశాను. ఎండకి పులిసిపోయి గుప్పుమని జీలుగు కల్లు వాసన. దోహా పక్కన ఈ అల్ వక్రాలో మా మన్యం వాసన! నవ్వొచ్చింది. వెంటనే వసుంధర డాక్టరమ్మ గుర్తొచ్చారు. ఆవిడ గురించి ఎప్పుడో రాయాల్సింది, కానీ అప్పట్లో నాకు అక్షరాలు రావు. నలభై దాటాక ఆవిడ వంటింట్లోనే, కూరలు తరిగే బల్ల మీద దిద్దుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం సరుకుల పేర్లు తప్ప ఏమీ రాయలేదు. ఒక మనిషి గురించి రాయడానికి ఇప్పటికి ధైర్యం వచ్చింది.

అల్ సద్‌లో వాళ్ళ ఫ్లాటులో నేను వంటకి చేరాను. ఆవిడ పిల్లల డాక్టరు. భర్త ఉద్యోగం వల్ల దోహా వచ్చారు గానీ, అంతకు ముందు ఏళ్ళ తరబడి ఏజెన్సీ గూడేల్లో తిరిగారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తాగితే బిడ్డ మెదడు ఎలా దెబ్బతింటుందో పరిశోధించే బృందంలో పనిచేశారు. ఇక్కడికొచ్చాక కూడా రోజూ కంప్యూటర్లో అదే చదువు, ఆ బృందంతోనే మాటలు. “మనకి చుక్క దొరకని ఊళ్ళో కూర్చుని తాగుడు మీద చదువేంటండీ?” అన్నాను ఒకసారి. “అందుకే బుర్రకి బాగా ఎక్కుతోంది కాంతమ్మా” అన్నారు నవ్వుతూ.

ఆ రోజుల్లో నాకు ఉన్న దిగులల్లా గంగ. నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోతే నేనే పెంచి, ఆశ్రమ పాఠశాలలో చేర్చి, దాని కోసమే ఇక్కడికి వచ్చాను. పదకొండేళ్ళ పిల్ల. పొద్దున చెప్పింది సాయంత్రానికి మరిచిపోతుంది, తోటిపిల్లల వస్తువులు తీసేస్తుంది, అడిగితే తెల్లముఖం వేస్తుంది. కొట్టినా మార్పు లేదనీ, సెలవులకి తీసుకెళ్ళిపోయి మళ్ళీ పంపొద్దనీ వార్డెనమ్మ కబురు పెట్టింది. తీసుకెళ్ళడానికి అక్కడ ఇల్లేది? ఎవరింట్లోనో పాచిపనికి పెట్టాలి, లేదా ఆ వయసులోనే ఎవరికో కట్టబెట్టాలి.

ఒకరోజు టీ ఇవ్వబోతే కంప్యూటర్లో ఒక పసిపిల్ల ముఖం గీసిన బొమ్మ కనిపించింది. చిన్న కళ్ళు, పలచని పైపెదవి, ముక్కు కింద గాడి లేకుండా నున్నగా. “ఇది మా గంగ ముఖమండీ” అనేశాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పారు. “ముఖం చూసి తేల్చకూడదు. ఈ పోలికలు లేని పిల్లలే ఎక్కువ. మీ చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు తాగిందా?”

“మా వైపు అందరూ తాగుతారండీ. బలమని పెద్దవాళ్ళే పోస్తారు.” అంటూంటేనే నాకు అర్థమైంది. “అయితే ఇదంతా దాని పనేనన్నమాట! పోయి బతికిపోయింది గానీ, లేకపోతేనా...”

“ఆగాగు. వద్దని ఆమెకి చెప్పినవాళ్ళెవరు?”

అప్పుడు ఆవిడ దూరదేశాల ఆదివాసుల సంగతి చెప్పారు. బయటివాళ్ళు వచ్చి పిల్లల తలలు కొలిచి, తాగుబోతు జాతి అని రాసుకుని వెళ్ళిపోతుంటే, ఊరికే కొలుచుకుపోయేవాళ్ళు మాకొద్దు, మాతో కూర్చుని పనిచేసేవాళ్ళు కావాలి అన్నారట అక్కడి పెద్దలు. “పట్నంలో పార్టీల్లో తాగే తల్లుల పిల్లలకీ ఇదే వస్తుంది. వాళ్ళ గుమ్మంలోకి టేపు పట్టుకుని ఎవరూ వెళ్ళరు” అన్నారు. ఆవిడ గొంతులో కోపం వినడం అదే మొదలు.

ఇక్కడి నుంచి తాను తేల్చనన్నారు. అక్కడ తనతో పనిచేసిన డాక్టరు ఉన్న ఆసుపత్రికి గంగని పంపించారు. ఆవిడ అనుమానమే నిజమైంది. ఇది పూర్తిగా నయమయ్యేది కాదని కూడా చెప్పారు. “కానీ కాంతమ్మా, గంగ మొండిది కాదు, దొంగ కాదు. నాది, నీది అన్న గీత దానికి మనకంత గట్టిగా కనబడదు.” నయం కాదని విని కూడా గుండె తేలికపడడం ఏమిటో అప్పుడు నాకే తెలియలేదు.

తర్వాత ఆవిడే వార్డెనమ్మకి ఫోన్ చేశారు.

“లేచి, పక్క మడిచి, స్నానం చేసి ప్రేయర్‌కి రమ్మంటే ఎక్కడో నిలబడి ఉంటుంది మేడం. పొగరు.”

“ఒక్కటే చెప్పండి. అది అయ్యాక రెండోది.”

“ఎలాగండీ? నాకు గంగ ఒక్కతేనా? హాస్టల్ నిండా పిల్లలు!”

“నిజమే. నేను మీ హాస్టళ్ళు చూసినదాన్నే. పక్కమంచం పిల్లకి అప్పజెప్పండి. కొట్టడం మాత్రం ఆపండి, దానివల్ల మీ చేతికే నొప్పి.”

వార్డెనమ్మ నవ్వింది. నెల్లాళ్ళు చూస్తానంది.

డాక్టరమ్మ హైదరాబాద్ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరిమీదైనా చిరాకు పుడితే, ఈ మనిషికి ఏది కనబడటం లేదో అని ఒక్క నిమిషం ఆలోచిస్తాను. ఆవిడ నాకిచ్చింది అదే.

ఆ రోజుల్లో, డాక్టరమ్మ ఇంకా దోహాలో ఉండగానే, నెల దాటాక వార్డెనమ్మ ఫోన్ చేసింది. “పూర్తిగా మారిందని చెప్పను గానీ, గంగ ఇక్కడే ఉంటుందిలే అక్కా” అంది. నా ముఖం చూసి డాక్టరమ్మే స్టవ్ కట్టేసి నా చేయి పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే గంగకి ఫోన్ చేశాను. ప్రతిసారీ మొదట, ఎవరి వస్తువు తీశావే అని నిలదీసేదాన్ని. ఆ రోజు, “ఏం తిన్నావే తల్లీ?” అన్నాను. “ఉప్మా పెద్దమ్మా. అస్సలు బాలేదు” అని మొదలుపెట్టి, ఇక ఆపలేదు.