పేరు లేని ముక్కల డబ్బా

మా మావయ్య మాటెత్తితే ఈ వీధిలో ఇప్పటికీ ఒక నవ్వు నవ్వుతారు. పెద్ద నవ్వేం కాదు, పెదవి చివర్న. “ముప్పై ఏళ్లు మందులమ్మాడు, పాపం, ఏ మాత్ర ఏదో తెలియకుండానే పోయాడు” అంటారు. పక్క షాపు కుట్టుమిషన్ల మెకానిక్ అంటాడు, ఎదురు ఫొటోస్టాట్ ఆవిడ అంటుంది. అందరికంటే ఎక్కువగా మా అత్తయ్యే అంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా నోరు మెదపను. ఎందుకు మెదపనో చెప్పుకోవడానికి మనిషి దొరక్క ఈ కాగితం పట్టుకున్నాను.

మావయ్య మా అమ్మకి అన్న. రెండు వీధులు కలిసే మూల మీద మందుల షాపు ఆయనది. ఆయనది అంటే, శ్రమ ఆయనది. మందుల చదువు చదవలేదు కాబట్టి లైసెన్సు ఆయన పేరు మీద రాదు. చాలాకాలం ఎవరిదో సర్టిఫికెట్టు తగిలించి నడిపాడు. నేను కోర్సు పూర్తిచేసి రాగానే ఆ పాత ఫ్రేము దింపేసి నా పేరున్న కాగితం అద్దం కట్టించి గోడకి కొట్టాడు. ఆ రోజు నుంచీ నా పేరు సర్టిఫికెట్టు. “ఏయ్ సర్టిఫికెట్టూ, దూది అందుకో!” “సర్టిఫికెట్టుకి టీ చెప్పారా?” ఇలా. చట్టం ప్రకారం షాపు బాధ్యత నాది. ఆయన ప్రకారం నా బాధ్యత బిల్లులు రాయడం. “మందుల సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు బిల్లు రాయి” అనేవాడు. కౌంటర్ ముందు జనం, వెనక ఆయన, ఆయన వెనక నేను.

చదువు లేదు కానీ తెలివితక్కువవాడు మాత్రం కాదు. వీధంతా ఆయన్ని సగం డాక్టరు అని ఊరికే పిలవలేదు. ఒకసారి బస్సు డ్రైవరొకాయన వచ్చి, “గుండెల్లో మంటగా ఉంది, ఏదన్నా గోలీ పడేయండి” అన్నాడు. మావయ్య కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని ఆయన్ని కాలి నుంచి తల దాకా చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“నెల కావస్తోంది.”

“నడుం నొప్పికి ఏమన్నా వాడుతున్నావా?”

“సీట్లో కూర్చునీ కూర్చునీ నడుం పట్టేస్తోంది గురువుగారూ. రోజుకి రెండు మింగితేగానీ బండెక్కలేను.”

“అదిగో, అక్కడుంది మంట! నొప్పి మాత్ర కడుపు లోపలి పొరని గీకి పారేస్తుంది. దొడ్డికి నల్లగా, తారులాగా వెళ్తోందా? మింగుతుంటే అడ్డం పడుతోందా? ఒళ్లు తగ్గావా?”

మావయ్య మాత్రలివ్వలేదు. “రెండు వారాలు దాటిన మంటకి నా దగ్గర మందు లేదు. ముందు డాక్టరుకి చూపించుకుని, చీటీ తీసుకునిరా” అని పంపేశాడు. చీటీతో తిరిగొచ్చినవాళ్లకి మాత్రం పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. ఈ మాత్ర తినడానికి అరగంట ముందు, కొరక్కుండా, నీళ్లతో మింగాలి. ఆ సిరప్పు తాగితే మిగతా మాత్రలకి రెండు గంటల ఎడం ఉండాలి. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. నేను రెండేళ్లు చదివింది ఆయన రెండు నిమిషాల్లో చెప్పేవాడు. నాకు అసూయ పుట్టేది, నిజం చెప్పొద్దూ.

మరి తన సంగతో? పొద్దున్నుంచీ నిలబడే ఉంటాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా నాలుగింటికి విప్పుతాడు. తిన్న మరుక్షణం బల్ల మీద పడి కునుకు తీస్తాడు. లేచి ఛాతీ రుద్దుకుంటూ కౌంటర్ కిందికి వంగుతాడు. ఆ కింద ఉండేవి రెండు డబ్బాలు.

ఆ డబ్బాల సంగతి మందుల షాపువాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియదు. జనం రెండు మాత్రలు కావాలంటారు, నాలుగు కావాలంటారు. మాత్రల అట్టని కత్తెరతో కత్తిరించి ఇస్తాం. మాత్ర పేరు, గడువు తేదీ అట్టకి ఒక కొసనే ఉంటాయి. ఆ కొస ఎవరికో వెళ్లిపోయాక ఒకటో రెండో ముక్కలు మిగిలిపోతాయి, పేరూ ఊరూ లేకుండా. అవి అమ్మకూడదు, పారేయాలి. మావయ్యకి పారేయడానికి చేతులొచ్చేవి కావు. మంట మాత్రల ముక్కలు ఆకుపచ్చ మూత డబ్బాలో, నొప్పి మాత్రల ముక్కలు ఎర్ర మూత డబ్బాలో వేసేవాడు. ఎర్ర డబ్బా ఛస్తే ముట్టుకునేవాడు కాదు. మంటేసినప్పుడల్లా ఆకుపచ్చ డబ్బాలో చెయ్యిపెట్టి, చూడకుండానే ఒక ముక్క చింపి నోట్లో వేసుకునేవాడు. రెండు రకాలూ పసుపే, రెండూ శనగగింజంతే. చూడాల్సిన అవసరం ఏముంది? ఏ డబ్బా ఏదో ఆయనకి తెలుసు.

ఇలా మూడేళ్లు. ఊరందరికీ రెండు వారాలు, ఈయనకి మూడేళ్లు. డాక్టరుకి చూపించుకోమంటే, “సగం డాక్టరుకి డాక్టరు కావాల్సొచ్చిందని నవ్వుకుంటారే” అనేవాడు. ఉండబట్టలేక ఒకరోజు నేను కౌంటర్ దగ్గరే అనేశాను. “మావయ్యా, ఆ డబ్బాలు రెండూ చెత్తలో పారేయ్. రేపు నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాను. పరీక్ష చేయించుకోవాల్సిందే.”

షాపు ముందు ఐదారుగురున్నారు. మావయ్య వాళ్ల వైపు తిరిగి, చేతులు తిప్పుతూ, “చూశారా, గోడకి వేలాడాల్సిన కాగితం కౌంటర్ దగ్గరికొచ్చి మాట్లాడుతోంది!” అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. నా మొహం మాడిపోయింది. ఇంట్లో అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. నలుగురిలో అన్నాడు, అదీ కడుపు మంట. ఆ క్షణం నుంచీ ఆయనతో మాట్లాడటం మానేశాను.

అదే రోజు మధ్యాహ్నం, వీధిలో మందుల షాపులు తనిఖీ చేస్తున్నారని కబురొచ్చింది. మావయ్య హడావిడిగా, “ఆ డబ్బాలు కనబడకుండా పెట్టు” అని చెప్పి, తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. దూది కట్టల వెనక ఒక్క డబ్బాకే చోటుంది. నేను ఎర్ర డబ్బాలోవి ఆకుపచ్చ డబ్బాలో కుమ్మరించి, మూత బిగించి, లోపలికి తోసేశాను. ఖాళీ ఎర్ర డబ్బా చెత్తబుట్టలో పడేశాను. తనిఖీ వాళ్లు వెళ్లిపోయాక మొత్తం పారేద్దామనుకున్నాను. ఆయనకి చెబుదామనే అనుకున్నాను. కానీ చెప్పాలంటే ముందు నేను నోరు విప్పాలి, పంతం నేను వదలాలి. వదల్లేదు. మూడు రోజులు మూగనోము పట్టాను. నాలుగో రోజు ఆయనే ఏదో వెటకారమాడి నన్ను నవ్వించేసరికి, డబ్బా సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదన్నా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు.

తనిఖీ వాళ్లు మా షాపు మెట్టు కూడా ఎక్కలేదు. మావయ్య సాయంత్రం ఆకుపచ్చ డబ్బా బయటికి లాగి, యథాస్థానంలో పెట్టుకున్నాడు.

రెండు నెలల్లో మనిషి మారిపోయాడు. మంట తగ్గకపోగా పెరిగింది. రోజుకి ఒకటి మింగేవాడు రెండు మింగాడు, తర్వాత మూడు. బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాడు. పై అరలకి నిచ్చెనెక్కి దిగితే కుక్కపిల్లలా వగర్చేవాడు. అత్తయ్య ఒకరోజు షాపుకొచ్చి, “ఏంటే, మీ మావయ్య మొహం సున్నం కొట్టినట్టు అలా పాలిపోయింది? నువ్వు పక్కనే ఉంటావు, కాస్త చూడవా?” అని నన్ను నిలదీసింది. ఆవిడ వెళ్లాక ఆయన గొంతుతోనే ఆయన్ని అడిగాను.

“ఎన్నాళ్ల నుంచి? దొడ్డికి నల్లగా వెళ్తోందా? ఒళ్లు తగ్గావా?”

“నా పాఠం నాకే అప్పచెబుతున్నావా?” అని కసిరాడు. కళ్లు మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. నల్లగా వెళ్తోందని తర్వాత ఆసుపత్రిలో చెప్పాడు, నెల నుంచీ వెళ్తోందట. ఆయన కళ్లు తిప్పుకోవడం నేను చూశాను. చూసి కూడా, నాకెందుకొచ్చిన గొడవ, మళ్లీ నలుగురిలో నవ్వులపాలు చేస్తాడని ఊరుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు పదకొండింటికి, పై అరలో బ్యాండేజీ కోసం నిచ్చెనెక్కినవాడు రెండో మెట్టు మీదే కూలబడ్డాడు. నేను పట్టుకునేలోగా వాంతి చేసుకున్నాడు. కాఫీ పొడి కలిపినట్టు ముదురు గోధుమ రంగు. చదువుకున్నదాన్ని కాబట్టి అది కడుపులో పోతున్న రక్తమని తెలిసింది. మెకానిక్ పరిగెత్తుకొచ్చి బండి పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నాలుగు మాటల్లో తేల్చేసే రకం. “కడుపులో పుండు పడి రక్తం పోతోంది. ఏం మాత్రలు వాడుతున్నారు?”

“మంటకొక్కటే. ఇంకేం ముట్టను” అన్నాడు మావయ్య.

“నొప్పి మాత్రలు?”

“నేనా? నొప్పి మాత్రలా? నలుగురికీ వద్దని చెప్పేవాణ్ణి తల్లీ.”

“ఆ మంట మాత్రలేవో తీసుకురండి” అంది డాక్టరమ్మ నాతో. షాపుకి పరిగెత్తి, కౌంటర్ కింద చెయ్యి పెట్టాను. పక్కన ఎర్ర డబ్బా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా తీసుకెళ్లకుండా ఉంటే ఎలా ఉంటుందని కూడా ఒక్క నిమిషం ఆలోచించాను. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటున్నాను, అసహ్యించుకుంటే అసహ్యించుకోండి.

తీసుకెళ్లాను. అప్పటికి అత్తయ్య కూడా వచ్చేసింది. డాక్టరమ్మ ముక్కలన్నీ స్టీలు పళ్లెంలో పోసి, ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసింది. కొన్నిటి వెనక తెగిపోయిన అక్షరాల తోకలున్నాయి. “ఇది నొప్పి మాత్ర. ఇదీ అదే. ఇదీను. సగం పైగా అవే ఉన్నాయి కదండీ! ఎవరు కలిపారివి?”

అత్తయ్య నా మొహంలోకి చూస్తోంది.

“నేనే” అన్నాడు మావయ్య మంచం మీంచి. “చూపు ఆనట్లేదు. ఎప్పుడో ఏమరపాటున నేనే కలిపేసుంటాను.”

అత్తయ్య తల బాదుకుంది. “ఇన్నేళ్లు అమ్మావు కదయ్యా! ఏ మాత్ర ఏదో తెలియదా నీకు?” అని అందరి ముందూ ఏడ్చింది. నర్సులు కూడా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపు మావయ్య చూశాడు. జీవితంలో ఆయన భయపడ్డదల్లా ఆ చూపుకే.

అత్తయ్య రక్తం ఎక్కించడానికి ఒప్పుకున్నట్టు కాగితాల మీద సంతకం పెట్టడానికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

“ఎర్ర డబ్బా కనబడకపోతే పారేశావనుకున్నానే. అడుగుదామనే అనుకున్నా. నువ్వు మాట్లాడట్లేదు కదా, మాట్లాడాక అడగొచ్చులే అని ఊరుకున్నా. తర్వాత మర్చిపోయా.”

“మావయ్యా, నేను డాక్టరమ్మకి చెప్పేస్తాను. నేనే కలిపానని చెప్పేస్తాను.”

“నోర్మూయ్. లైసెన్సు నీ పేరు మీదుంది. ఈ మాట బయటికి పొక్కితే రేపు ఆ కాగితం పీకేస్తారు. అత్తయ్య ఏం తింటుంది? నువ్వేం తింటావ్? ఎవరడిగినా నేనే కలిపాను.”

“అందరూ నిన్ను చూసి నవ్వుతారు మావయ్యా.”

“నవ్వనీ” అన్నాడు. దుప్పటి పైకి లాక్కుని, “నేను నిన్ను నవ్వులపాలు చేశాగా, చెల్లుకి చెల్లు” అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఈ స్థితిలో కూడా వెటకారమేనా అని తిట్టాలనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

రక్తం ఎక్కించారు. గొట్టం వేసి పుండు మూశారు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. నర్సుకి సెలైను ఎలా కట్టాలో పాఠం కూడా చెప్పాడు. మూడో రోజు పొద్దున్న మళ్లీ రక్తం పోయింది. ఈసారి ఆగలేదు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర నేనే నిలబడుతున్నాను. అట్ట కత్తిరించేటప్పుడు పేరున్న కొస ఆఖరికి ఉంచుతాను. పేరు లేని ముక్క మిగిలితే ఏ పూటదాపూట పారేస్తాను. మంట అని వచ్చినవాళ్లని ఆయన ప్రశ్నలన్నీ అడుగుతాను. అత్తయ్య ఇంట్లో ఒక్కతీ ఉండలేక సాయంత్రాలు షాపుకొచ్చి బల్ల మీద కూర్చుంటుంది. ఆవిడకి నిజం చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. తెరిచినప్పుడల్లా ఆయన నోర్మూయ్ అన్నట్టే ఉంటుంది. అది ఆయన మాట దాటలేకో, నా కాగితం పోతుందన్న భయానికో నాకే తెలియదు. భయమేనేమో.

నిన్న ఆ బస్సు డ్రైవరొచ్చాడు, డాక్టరు చీటీతో. మంట మాత్రలు ఇచ్చి, తినడానికి అరగంట ముందు వేసుకోవాలని, నొప్పి మాత్రల జోలికి పోవద్దని చెప్పాను. అత్తయ్య బల్ల మీంచి అందుకుంది.

“పేరు చూసుకుని మరీ మింగు నాయనా. మా ఆయన ముప్పై ఏళ్లు అమ్మాడు, ఏ మాత్ర ఏదో తెలియకుండానే పోయాడు.”

డ్రైవరు పెదవి చివర్న నవ్వాడు. తర్వాత నా తల మీదుగా గోడకున్న ఫ్రేము చూసి, “మీరు చదువుకున్నవారు కదమ్మా, మీ దగ్గర ఆ భయం లేదులెండి” అన్నాడు.

నేను తల వంచుకుని బిల్లు రాశాను.