కొంచెం అన్నది తెలియని ప్రేమయ్య

శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీలు నెట్టే ప్రేమయ్య పొడుగు మనిషి, నడిచేటప్పుడు ముందుకు వంగుతాడు. షుగర్ వచ్చింది, తీపి తగ్గించమని దవాఖానలో చెప్పినప్పటి నుంచి బిస్కెట్‌ను సగానికి విరిచి, మిగతా సగం చొక్కా జేబులో దాచుకునేవాడు. ట్రాలీల వరుస తలుపు దాకా చేరేలోపే చెయ్యి జేబులోకి పోయేది. ఆ తర్వాత ప్యాకెట్ మొత్తం ఖాళీ అయ్యేది. షుగర్‌తో కాలికి పడిన పుండు మానలేదు.

గగన్‌పహాడ్‌లో మేనకోడలు జూలీ పెళ్లి విందులో, వడ్డించే ఆమె జిలేబీల పళ్లెంతో వచ్చింది. ప్రేమయ్య విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కటే తిను బాపు."

"ఒక్కటి తింటే నేను ఆగనమ్మా. మొత్తానికే వద్దు."

ఆమె పక్క విస్తరికి జరిగింది. పక్కన కూర్చున్న భార్య ఎస్తేరమ్మ సగం జిలేబీ తిని, చాలనుకుని మిగిలింది విస్తట్లోనే వదిలేసింది. అలా సగంలో ఆపడం ఆమెకు ఎప్పుడూ కష్టం కాలేదు. ప్రేమయ్య మజ్జిగ పోయించుకుని తీరిగ్గా తాగాడు.

"మనసు గుంజుతుందా?" అని మెల్లగా అడిగింది ఎస్తేరమ్మ.

"లేదే. ఇన్నొద్దులకు నిమ్మళంగ తిన్న."