‘సంవేగ’కు విడిచిన చోటు

నాకు పాళీ భాష చెప్పిన గురువుగారు కళింగపట్నంలో కాలధర్మం చెందారని విజయనగరంలో నాకు తంతి అందేసరికే దహనం ముగిసింది. బస్సులు మారి చేరుకొన్న నాకు మిగిలింది, ఆయన నా పేర విడిచిన కాగితాల కట్ట ఒక్కటే.

ఇంగ్లీషువాడున్న రోజుల్లో మొదలుపెట్టిన బౌద్ధసూత్రాల తెలుగుసేత అది. స్వరాజ్యం వచ్చి ఇరవై యేండ్లు దాటినా పూర్తికాలేదు. అందుకు కారణం ఆయన పట్టిన నియమం: రాసిన ప్రతి వాక్యాన్నీ చేపలమ్మే ముసలమ్మకు వినిపించాలి, ఆమెకు తెలియని మాటను కొట్టివేయాలి. ఆయన చేప ముట్టరు. అయినా ఆమె రోజూ ఆయన ఇంటి అరుగు మీదనే గంప దించేది.

“సేప కొనవు, మాటలు బేరమాడతావు. నీ ఇంటికాడ గంప దింపితే నాకేటొస్తాది పంతులుబాబూ?”

“పుణ్యం వస్తుందమ్మా.”

“అది కూరొండుకోడానికి పనికొస్తాదేటి?”

‘సంవేగ’ అనే పాళీ మాట దగ్గర మాత్రం ఆ బేరం తెగలేదు. మృత్యువు తన వాకిటికే వచ్చిందని గ్రహించిన క్షణాన మనిషిని నిలువునా కుదిపి, ఇక మునుపటివలె బ్రతకనీయని కదలిక అది. ఆయన భయం అన్నారు. “బయమైతే పారిపోతాం గదా” అంది. దిగులు అన్నారు. “దిగులైతే గంజి తాగి తొంగుంటే పోతాది.” విరక్తి అంటే, “ఆ మాట మాకు నేదు.” ఆయన ఆ చోటు ఖాళీగా విడిచారు. ఒకసారి శుద్ధప్రతి రాస్తూ నేను, నిఘంటువును నమ్మి, అక్కడ ‘ఉద్వేగం’ అని నింపాను. ఆయన కోపగించలేదు. బ్లేడుతో గీకివేసి, “తెలిసినట్లు రాయడం తేలిక నాయనా, తెలియలేదని విడవడానికే చదువు కావాలి” అన్నారు. నాకున్న పట్టాలన్నిటికంటె ఆ గీకుడు మచ్చ నాకు ఎక్కువ నేర్పింది.

కట్ట పైకాగితం మీద, వణికిన అక్షరాలతో, ఒక ఆజ్ఞ ఉంది: ఆమెను అడిగి నింపు.

పదోనాటి ఉదయం ఆమె వచ్చింది. గంప దించలేదు. నేను వాక్యం చదివి, “ఇక్కడ ఏ మాట వేయమంటావమ్మా?” అని అడిగాను. ఆమె ఖాళీ అరుగు వంక చూచింది.

“ఆ బాబు అడిగితే ఏదోటి సెప్పీదాన్ని. ఇప్పుడు నోరు పెగల్దు. ఒగ్గేయి బాబూ, ఆ సోటు అలా కాళీగానే ఉండనీ.”

నాకు అరవై దాటి అయిదేండ్లు. ఇంకెవరిని అడగాలో తెలియదు. నా తరువాత ఈ కట్టను విప్పేవారూ లేరు. ఆ చోటు అలాగే విడిచి, కలం మూసి తలెత్తాను. గుమ్మం గుమ్మం ముందూ ఆగి కేక వేసే మనిషి, వీధి పొడుగునా ఒక్క కేకైనా వేయకుండా, నిండు గంపతో సముద్రం వైపు వెళ్లిపోతున్నది.